మున్షీ సారు కూర్చోని కుర్చీ

మా మున్షీ సారు పోయారు. కరీంనగర్ నుంచి మా చిన్నమ్మ రాయించిన కార్డు నాకు ఉట్నూరులో అందేసరికి ఆయన పోయి ఆరు రోజులైంది. వాగులు పొంగి జీపులు ఆగిపోయాయి, టపా సంచి అవతలి ఒడ్డునే ఉండిపోయిందట. బడి గుమ్మంలో నిలబడే చదువుకున్నాను. "మీ కాలేజీ మున్షీ సారు కాలం చేసిండు. నిద్రలనే పోయిండట, ఎవ్వరికి తక్లీఫ్ ఇయ్యలే" అని రెండే రెండు వరుసలు. మిగతా కార్డంతా మిరపకాయల ధర. చిన్నమ్మ మీద ఒళ్లు మండింది. కాసేపటికి, పాపం ఆమెను అని ఏం లాభం అనిపించింది. ఆయన నాకు ఏమవుతారని మూడో వరుస రాయిస్తుంది? చుట్టం కాదు. నాకు పాఠం చెప్పిన లెక్చరరూ కాదు. కరీంనగర్ సర్కారు కాలేజీ ఆఫీసులో ఫీజు మాఫీలు, స్కాలర్‌షిప్పుల కాగితాలు చూసే గుమాస్తా. నైజాం రోజుల్లో ఉర్దూ దఫ్తరులో కొలువుకు కుదిరిన మనిషి గనుక అందరి నోటా మున్షీ సారే అయ్యారు.

ఆ రోజు పిల్లలకు లెక్కలు ఇచ్చి కుర్చీలో కూర్చున్నానే గానీ ఒక్క పలకా దిద్దలేదు. ఆయనే లేకపోతే ఈ బడి లేదు, ఈ ఉద్యోగం లేదు. హుజూరాబాదులో మా అవ్వ, అంటే మా అమ్మ, పక్కన కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ ఉండేదాన్ని. కండెలు చుట్టడం చిన్న పనని కాదు, మా ఇల్లు నిలిచిందే దాని మీద. కానీ నాకు చదువుకోవాలని ఉండేది, గట్టిగా ఉండేది. ఆ కోరికను మా ఇంటి బయట మొట్టమొదట నమ్మిన మనిషి ఆయన.

ఆయన్ను మొదటిసారి చూసిన రోజు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పి.యు.సి.లో చేరాను. చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువు. స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నారు. మా ఊళ్లో అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర పాత నమూనా చూసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండు పేజీలు నింపాను. "దివ్య పాదపద్మములకు" అని మొదలు, "అనాథప్రాయురాలనగు నన్ను కటాక్షించి" అని నడుమ, "తమ పాదధూళి" అని చివర. గర్వంగా పట్టుకెళ్లి ఇచ్చాను. పాత షేర్వాణీ, జేబు మీద సిరా మరక, ముక్కు కొసకు జారిన కళ్లద్దాలు. చదువుతూ చదువుతూ తల ఎత్తారు.

"మీ బాపు ఉన్నడా?"

"ఉన్నడు సార్."

"అవ్వ?"

"ఉన్నది సార్."

"ఇద్దరు సల్లగుంటె నువ్వు అనాథ ఎట్లయినవే? వాళ్లకు ఎరుకేనా గీ సంగతి?"

పక్కన నిలబడ్డ అబ్బాయిలు కిసుక్కుమన్నారు. ఆయన వాళ్లవైపు ఒక్క చూపు చూసేసరికి గది ఖాళీ అయింది. తర్వాత కలం తీసి నా రెండు పేజీల్లో ఒక్కొక్క మాటే కొట్టేసుకుంటూ పోయారు. పాదపద్మాలు పోయాయి, కటాక్షం పోయింది, ధూళి పోయింది. చివరికి నా పేరు, మా బాపు పేరు, కాలేజీ పేరు మిగిలాయి. తెల్ల కాగితం ఒకటి నా ముందుకు జరిపారు.

"గిది దర్బార్ గాదు బిడ్డా, దఫ్తరు. ఏం గావాల్నో రాయి, ఎందుకు గావాల్నో రాయి, కింద సంతకం పెట్టు. అడుక్కునుడు వేరు, దరఖాస్తు పెట్టుకునుడు వేరు."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అవమానంతోనో మరెందుకో. అది చూసి ఇంకో మాట కూడా అన్నారు. "కాయితం మీద ఏడ్వకు, సిరా కరుగుతది." ఆయన దగ్గర చదువుకున్న, అంటే ఆయన దగ్గర దరఖాస్తులు పెట్టుకున్న మా వాళ్లందరికీ ఈ మాట తెలుసు. ఎవరు ముక్కు చీదినా ఇదే అనేవారు.

ఆయన ఫైళ్లను బిడ్డా అని పిలిచేవారు. బీరువా తెరిచి కాగితాల కట్టల్లో వెతుక్కుంటూ "ఏడికి వొయినవ్ బిడ్డా, పొద్దుగాల గీడనే ఉంటివి గదా" అని వాటితో మాట్లాడుకోవడం ఎన్నోసార్లు విన్నాను. అదే నోటితో, గడువు దాటాక వచ్చిన వాణ్ణి చెవి మెలిపెట్టినంత పని చేసేవారు. ఆఫీసు వాళ్లేమో "బీద విద్యార్థుల జాబితా" అని పైన పెద్దగా రాసి నోటీసు బోర్డుకు అంటించమనేవారు. ఆయన ఆ పై వరుస కత్తిరించి, ఉత్త నంబర్లే అంటించేవారు. అడిగితే, జాగా సరిపోలేదని చెప్పేవారు. బోర్డు మీద సగం జాగా ఎప్పుడూ ఖాళీయే.

మోతుబరి ఇంటి పిల్లవాడొకడు ఒకసారి పేదరికం సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. మోటారు సైకిలు మీద కాలేజీకి వచ్చే ఘనుడు. మున్షీ సారు ఆ కాగితాన్ని ఎంతో మర్యాదగా రెండు చేతులా తిరిగి ఇచ్చి, "గిది మీ జీతగాడిదేమో, తొందరల తెచ్చినట్టున్నవ్. జర ఇంట్ల చూస్కొని రా నాయినా" అన్నారు. వాడు మళ్లీ రాలేదు.

ఇప్పుడు నా సంగతి. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి.

స్కాలర్‌షిప్పు రావాలంటే మా ఇంటి రాబడి ఎంతో తహసీల్దారు రాసివ్వాలి. అంతకు ముందు గిర్దావరు, అంటే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు, వచ్చి ఇల్లు చూసి విచారణ చేయాలి. గిర్దావరు ఫలానా రోజు వస్తున్నాడని మా ఇంటికి కబురు వచ్చింది. నేను కూడా సెలవు పెట్టి వెళ్లాను. మా వాడకట్టుకు ఒక అలవాటుంది. ఎవరింటికి కొత్తవాళ్లు వచ్చినా, పిల్లను చూడవచ్చినా, ఆ ఇల్లు చిన్నబోకూడదని తలా ఒక వస్తువు తెచ్చి పెడతారు. సర్కారు మనిషే వస్తున్నాడంటే ఇక ఊరుకుంటారా? పక్కింటి వాళ్లు చేతుల కుర్చీ తెచ్చారు. ఎదురింటి వాళ్లు పూల కప్పులు ఇచ్చారు. ఒకరు ఇత్తడి బిందెలు దించారు. ఇంకొకరు తాము నేసిన చీరలు నాలుగు తెచ్చి మా దండెం మీద వేశారు, పని బాగా నడుస్తున్నట్టు కనిపించాలని. నేనేం తక్కువ తిన్నానా? టైలరు ఇంటి గోడ గడియారం స్వయంగా మోసుకొచ్చి, మేకు కొట్టి, మా గోడకు వేలాడదీశాను. బాపు దాన్ని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. అవ్వ కోడిని కోసింది.

గిర్దావరు కుర్చీలో కూర్చున్నాడు, కోడికూర తిన్నాడు, మీసం తుడుచుకున్నాడు.

"మగ్గాలెన్ని?"

"నాలుగు సార్" అన్నాడు బాపు.

"సొంతమేనా?"

"మాయే సార్."

ఉన్నది ఒక్కటే గుంటమగ్గం. అదీ సావుకారిదే. బాపు దాని మీద మజూరీకి నేసేవాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. అబద్ధమని తెలుసు. నోరు విప్పలేదు సరికదా, మా బాపు ఎంత దర్జాగా చెప్పాడని లోపల సంబరపడ్డాను. పది పదిహేను రోజులకు కాలేజీకి ఉత్తరువు వచ్చింది. ఈ పిల్లది కలిగిన కుటుంబం, స్కాలర్‌షిప్పు నామంజూరు.

మున్షీ సారు నన్ను పిలిచి తలుపు ఓరగా వేసి కూర్చోబెట్టారు. గిర్దావరు రిపోర్టు చదివి వినిపించారు. కుర్చీ, కప్పులు, గడియారం, నాలుగు మగ్గాలు, అన్నీ ఉన్నాయి అందులో.

"గీ గడియారం ఏడిదే?" అన్నారు.

"నేనే తెచ్చిన సార్. టైలరోళ్ల ఇంటికెల్లి."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. బల్ల మీద చెయ్యి కొట్టి కొట్టి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ఆయన ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఫీజు కట్టకపోతే పేరు కొట్టేస్తరు బిడ్డా. నేను ఆపలేను" అన్నారు. అప్పుడు మాత్రం నవ్వు నిజంగా చచ్చిపోయింది.

పేరు కొట్టేశారు. పుస్తకాలు ట్రంకుపెట్టెలో సర్దుకుని హుజూరాబాదు వచ్చేశాను. అవ్వ రాట్నం నా వైపు జరిపింది. బాపు నా మొహం చూడకుండా తిరిగాడు. వాడకట్టులో మాత్రం "అయ్యో, మేమెంత మంచిగ చేసినం" అని ఒకటే బాధ.

రెండో ఆదివారం పొద్దున, గొడుగు చంకన పెట్టుకుని మున్షీ సారు మా వాకిట్లో నిలబడ్డారు. కరీంనగర్ నుంచి బస్సెక్కి, దారిలో మా ఇల్లు అడుగుతూ వచ్చారట.  బాపు మగ్గం గుంటలోంచి ఎగిరి బయటపడ్డాడు. మొట్టమొదట చేసిందేమిటో తెలుసా? పక్కింటి కుర్చీ తెమ్మని అవ్వకు సైగ చేయడం.

మున్షీ సారు చూశారు. "కుర్చీ తెస్తే నేను గిట్లనే మర్లిపోత" అన్నారు.

"అయ్యో సారూ, గట్లంటరేంది. నిలవెట్టి మాట్లాడుతనా?"

"నువ్వేడ కూసుంటె నేనాడ కూసుంట." అని మగ్గం గుంట గట్టు మీద, షేర్వాణీకి దుమ్మంటుకుంటుందని కూడా చూసుకోకుండా, కాళ్లు గుంటలోకి జారవిడిచి కూర్చున్నారు. బాపు ఇక చేసేదిలేక పక్కన కూర్చున్నాడు.

మున్షీ సారు సంగతి నిదానంగా చెప్పారు. నెల తిరిగేలోగా తహసీల్దారు ముందుకు వెళ్లి, ముందు చెప్పింది తప్పని హల్ఫ్ తీసుకుని చెబితే, అంటే ప్రమాణం చేసి చెబితే, కొత్త సర్టిఫికెట్ ఇస్తారు. పేరు మళ్లీ ఎక్కించొచ్చు. గడువు దాటిందా, ఈ ఏడు పోయినట్టే. మా ఇంట్లో ఒక ఏడు పోయిందంటే ఇక అంతేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"గిప్పుడు వొయి గదంత అబద్ధమంటే నన్ను జైల్ల ఏయరా సారూ?"

"ఏయరు. జర తిడ్తరు."

"తిట్లకు ఫికర్ లేదు." బాపు మగ్గం మీద తెగిన పోగొకటి ముడేశాడు. "వాడకట్టంత కలిసి నా ఇజ్జత్ నిలవెట్టిండ్రు. అందరి ముందట నిలవడి నాకేం లేదని నేనే చెప్పాల్నా? రేపు గీ పిల్లను జూసి, లేనోని బిడ్డ అనరా?"

"అంటరు. అననియ్యి. లేనోని బిడ్డ కాలేజీల చదువుతున్నదని గూడ అంటరు." మున్షీ సారు గొంతు మెత్తబడింది. "నీకు బదులు నేను పోత అంటె నడువది. కాయితం నేను రాస్త. మాట మాత్రం నువ్వే చెప్పాలె. గీ పిల్ల చదువు ఆగితే నాకు తిండి సయించది భాయ్, ఆ సంగతి చెప్పిపోదామని వచ్చిన."

బాపు గుంటలోకి దిగి నేయడం మొదలుపెట్టాడు. మగ్గం చప్పుడులో ఇక మాటలు లేవు. అవ్వ మా చొట్టల గ్లాసులోనే చాయ్ ఇచ్చింది. మున్షీ సారు ఊదుకుంటూ ఊదుకుంటూ పూర్తిగా తాగి, "రేపు నేను తహసీల్ల ఉంట. వస్తె సంతోషం, రాకుంటె నీ ఇష్టం" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి హుజూరాబాదులోనే ఎవరో పాత స్నేహితుడి ఇంట్లో ఉన్నారని తర్వాత తెలిసింది. నా కోసం సోమవారం సెలవు కూడా పెట్టారు.

ఆయన అటు వెళ్లగానే అవ్వ మగ్గం దగ్గరికి వచ్చింది. "గోడ మీద గడియారం జూసి మురిసినవు గదా. గిప్పుడు టైమెంతయిందో జూడు" అంది. అంతే, మా అవ్వ అంత పదునైన మాట అంతకు ముందు అనలేదు, తర్వాతా అనలేదు.

తెల్లారి బాపు స్నానం చేసి మామూలు ధోతి కట్టుకున్నాడు. మోకాలు దగ్గర అతుకున్నది. పక్కింటాయన ఇస్త్రీ లాల్చీ పట్టుకొస్తే, "వద్దు తమ్మీ, గిట్లనే పోత" అని నన్ను రమ్మన్నాడు. 

తహసీలు ఆఫీసు కిటకిటలాడుతోంది. మా వాడకట్టు వాళ్లే ఐదారుగురు ఏవో పనుల మీద అక్కడ ఉన్నారు. బాపు వాళ్లను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.  వరండాలో మున్షీ సారు నిలబడి ఉన్నారు. రమ్మనలేదు, చెయ్యి ఊపలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డారు. బాపు తుండుతో మొహం తుడుచుకుని లోపలికి నడిచాడు.

తహసీల్దారు కొత్తగా వచ్చిన కుర్రాయన, కోస్తా వైపు మనిషి. గిర్దావరు పక్కనే ఉన్నాడు.

"అయితే అప్పుడు మా గిర్దావరుకు అబద్ధం చెప్పావన్నమాట?"

"చెప్పిన సార్."

"నాలుగు మగ్గాలని ఎందుకు చెప్పావయ్యా?"

"ఇంటికొచ్చిన మనిషి ముందట లేదనబుద్ధి గాలే సార్."

గిర్దావరు ఊరుకోలేకపోయాడు. "అంతా నా కండ్లతోని జూసిన సార్! కుర్చీ ఉండె, కప్పులుండె. కోడిని గూడ కోసిండు!"

బాపు రెండు చేతులూ జోడించాడు.  "కుర్చీ పక్కింటోళ్లది సార్. కప్పులు ఎదురింటోళ్లయి. గడియారం టైలర్ది. చీరెలు గూడ మాయి గావు. మగ్గం సావుకారిది. కోడి మాత్రం మాదే సార్, గదొక్కటే ఉండె." అక్కడ ఆగి, నన్ను భుజం పట్టుకుని ముందుకు తెచ్చాడు. "గీ పిల్ల మాది."

 గిర్దావరు దూలాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాడు. తహసీల్దారు కలం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. సంతకం చేసి కాగితం బాపు చేతికే ఇస్తూ, "ఇకమీదట సర్కారు మనుషులకు కోళ్లు కొయ్యకు" అన్నాడు, నవ్వకుండా.

బయటికి వచ్చాక బాపు వరండా స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. మా బాపు ఏడవగా నేను చూడడం అదే మొదలు. మా వాడకట్టు వాళ్లు చూస్తూనే ఉన్నారు. మున్షీ సారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. కాగితం మీద ఏడవొద్దని మాత్రం ఆ రోజు అనలేదు. తనే మెల్లగా బాపు చేతిలోంచి కాగితం తీసి, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నారు.

వారం తర్వాత మళ్లీ క్లాసులో కూర్చున్నాను. లెక్చరరు హాజరు పిలుస్తున్నారు. ఇన్నాళ్లూ నా నంబరు దాటి పిలవడం ఆయనకు అలవాటైపోయింది. ఆ రోజూ దాటబోయి, రిజిస్టరులోకి వంగి చూసి, నా నంబరు చదివారు. నేను లేచాను. నోరు పెగల్లేదు. ఆయన మళ్లీ చదివారు. ఈసారి "ప్రెజెంట్ సర్" అని ఎంత గట్టిగా అరిచానంటే వెనక బెంచీల అబ్బాయిలు బల్లలు చరిచి నవ్వారు. ఏడుపు మొహంతో కిటికీ వైపు తిరిగాను. మున్షీ సారు చంకలో ఫైళ్లతో, కిటికీ ఊచ పట్టుకుని వరండాలో నిలబడి ఉన్నారు. ఆయన నవ్వడం లేదు. కళ్లద్దాలు తీసి షేర్వాణీ అంచుతో తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు, నా వైపు ఒకసారి తలూపి ఆఫీసు వైపు నడిచారు. పాఠం మొదలైంది. వరండా చివరిదాకా వెళ్లిపోతున్న ఆయన చెప్పుల చప్పుడే వింటూ నేను ఇంకా నిలబడే ఉన్నాను.